స్క్రీన్ నల్లబడిన గురువారాలు

జూలై 1, మంగళవారం

ఆఫీసు నుంచి సామాను దిగింది. డబ్బాలాంటి చిన్న కంప్యూటరు, దానికి తగిలించే పెద్ద స్క్రీను, కెమెరా, హెడ్‌ఫోన్లు, ఎందుకో తెలియని వైర్లు కొన్ని. ఇక నుంచి ఇంట్లోనే పని. ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా కలియదిరిగాను, ఏదో దివాణంలో ఉన్నట్టు. ఉన్నవి రెండు గదులు. నా గదిలో మంచం పోను కుర్చీకి కూడా చోటు లేదు. అమ్మ గదే మిగిలింది.

అమ్మ మంచం మడిచి గోడకి చేరేశాను. మడత మంచమే కాబట్టి కష్టం కాలేదు. ఏడవలేదు కూడా. దుమ్ముకి కళ్ళు మండాయి, అంతే.

సామాను మోసుకొచ్చినవాళ్ళు వెళ్తుంటే ఎదురింటావిడ తలుపు దగ్గర పట్టేసుకుంది. "ఇంట్లో కూచుని ఏం పనమ్మా? జీతం ఇస్తారా?" అని. ఆస్పత్రికి వినపడనివాళ్ళు వస్తారు, వాళ్ళు చేతులతో చెప్పేది నేను స్క్రీన్‌లో చూసి డాక్టరుకి నోటితో చెప్తాను, డాక్టరు చెప్పేది విని వాళ్ళకి చేతులతో చెప్తాను అన్నాను. "అంటే టీవీలో వస్తావా?" అంది. అవునన్నాను, ఎవరు వాదిస్తారు. పనిలో ఉండగా ఎవరొచ్చినా లేనని చెప్పండి, చెవుల్లో హెడ్‌ఫోన్లుంటాయి, నాకు వినపడదు అని కూడా చెప్పాను.

సాయంత్రం సూపర్‌వైజర్ మేడమ్ కెమెరా చూసింది. సరిగ్గా అప్పుడే ఎదురింటావిడ గిన్నె తిరిగివ్వడానికి వచ్చి బటన్ నొక్కింది. నా మొహమంతా ఎర్రగా మెరిసింది. "ఏంటది?" అంది మేడమ్. మా ఇంట్లో బెల్లు మోగదండీ, వెలుగుతుంది, అమ్మకి వినపడదని నాన్న బతికున్నప్పుడు బిగించాడు అన్నాను. మేడమ్ తీసెయ్యమంది. తీసెయ్యమని అనలేదులే, "డిస్టర్బెన్స్ లేకుండా చూసుకోండి" అంది. అంటే అదేగా. స్టూలెక్కి బల్బు విప్పి సొరుగులో పడేశాను, అమ్మ ఫోను స్విచ్ఛాఫ్ చేసి పెట్టిన సొరుగులోనే.

అయినా ఎవరొస్తారు గనక. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ లైటు ఊరికే వెలిగేది. అమ్మ స్నేహితులు ఒకరు పోతే ఒకరు. అందరికంటే ఎక్కువగా పిన్ని. మా చేతి మాటలో చెంప మీద వేలు పెట్టి చుక్క పెడితే ఆవిడ పేరు, అక్కడ పుట్టుమచ్చ ఉంటుంది కదా. అమ్మ లాగే ఆవిడకీ వినపడదు. నన్ను ఎత్తుకు తిరిగిన మనిషి. అమ్మ పోయాక కర్మకాండలయ్యేదాకా వచ్చింది, తర్వాత పత్తా లేదు. అమ్మ లేకపోతే నేనెవరిని వాళ్ళకి? చెవులున్నదాన్ని.

జూలై 3, గురువారం

మొదటి గురువారమే ముహూర్తం బాగాలేదు. సాయంత్రం పని మధ్యలో స్క్రీను నల్లబడింది. రెప్పపాటు నల్లగా అయి, మళ్ళీ వచ్చింది. కాసేపటికి ఇంకోసారి. స్క్రీన్‌లో ఉన్న ముసలాయన తన మోకాలి కథ మళ్ళీ మొదటినుంచి చెప్పాడు, ఆయనకి సంతోషమే.

జూలై 4, శుక్రవారం

ఆఫీసు కంప్యూటర్లాయనకి ఫోన్ చేశాను. వైరు రెండు వైపులా ఊడదీసి, ఊది, మళ్ళీ గట్టిగా పెట్టమన్నాడు. పెట్టాను. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. ఊదితే పోయే రోగానికి నిన్నంతా గుండె దడ.

జూలై 6, ఆదివారం

ఎవరూ రాలేదు.

జూలై 10, గురువారం

కొంప మునిగింది. ఇంచుమించు.

గోడలకి రంగులేసే ఆయన నిచ్చెన మీంచి జారి పడ్డాడు. నడుం పట్టేసింది. డాక్టరు నొప్పికి ఇంజెక్షను పేరు చెప్పి, ఇది ఇంతకుముందు తీసుకున్నారా అని అడిగాడు. నేను చేతులతో అడిగాను. ఆయన చేతులు లేచాయి. స్క్రీను నల్లబడింది.

మళ్ళీ వచ్చేసరికి ఆయన తల ఊపుతున్నాడు. నేను "తీసుకున్నాను, సరే అంటున్నారు" అని చెప్పేశాను.

ఆగిపోయింది, మళ్ళీ అడుగుతాను అనాలి. ఆ ఒక్క ముక్క అనడానికి నోరు రాలేదు. ఈ పనిలో మాకు ఒక పాడు అలవాటు ఉంటుంది, మధ్యలో ఒక మాట జారిపోతే ముందూ వెనకా చూసి అతికేస్తాం. నూటికి తొంభై సార్లు అతుకుతుంది. ఇవాళ అతకలేదు. నర్సు సూది పట్టుకుని దగ్గరికి రాగానే ఆయన ఆమె మణికట్టు పట్టేసుకున్నాడు. ఒక చేత్తోనే నా వైపు తిరిగి, "మొహం వాచిపోతుందని చెప్పానుగా! ఊపిరాడదని చెప్పానుగా!" అన్నాడు. తల ఊపింది ఎందుకంటే, అర్థమైందా అని నన్ను అడుగుతున్నాడు.

ఏమీ కాలేదు. మందు మార్చారు. 

జూలై 11, శుక్రవారం

మేడమ్ గట్టిగా అరవలేదు. అరిచినా బాగుండేది. "మీ పని మంచిదని నాకు తెలుసు. కానీ స్క్రీను మీద నమ్మకం లేకపోతే పేషెంటుని మీ చేతిలో ఎలా పెట్టను? ఇంకొక్కసారి ఇలా జరిగితే మిమ్మల్ని వీడియోలోంచి తీసి రికార్డుల టైపింగులో వేస్తాను" అంది.

టైపింగ్ అంటే జీతం అదే, కుర్చీ అదే. చేతులతో మాట్లాడే మనిషి మాత్రం ఉండడు.

ఇది ఎవరికి చెప్పినా అర్థం కాదు. నాకు మొదట వచ్చింది చేతి మాటే. నోటి మాట తర్వాత పక్కింటి పిల్లల దగ్గర నేర్చుకున్నాను. కోపం వచ్చినా, కల వచ్చినా నాకు చేతుల్లోనే వస్తుంది. అమ్మతో వంటింట్లోంచి గదిలోకి, గదిలోంచి వంటింట్లోకి రోజంతా వాగేదాన్ని. ఇప్పుడు ఆ స్క్రీన్‌లో కనిపించే నడుం నొప్పులు, కడుపు నొప్పులు తప్ప నాతో ఆ భాషలో మాట్లాడేవాళ్ళు లేరు. అదీ పోతే నా చేతులు అంట్లు తోమడానికి తప్ప దేనికీ పనికిరావు.

కాబట్టి వైరు సంగతి తేల్చాలి. ఏ వైరు ఆగదో అది కొనాలి. అంతే, మిగతాదంతా ఏడుపుగొట్టు ఆలోచన.

జూలై 12, శనివారం

కంప్యూటర్ షాపుకి వెళ్ళాను. స్క్రీన్‌కి వైరు కావాలి, అస్సలు ఆగకూడదు అన్నాను. షాపాయనకి పండగ వచ్చినట్టయింది. పెళ్ళిచూపుల్లో లాగా ఒక్కొక్కటే తెచ్చి గాజు బల్ల మీద పరిచాడు.

నీలం మూతిది విజిఏ. "పాతకాలం మనిషమ్మా, రెండు మరలతో బిగిస్తే లాగినా ఊడదు. కాకపోతే బొమ్మ మసక." మసకయితే వేళ్ళెలా కనిపిస్తాయి? వద్దన్నాను. రెండోది హెచ్‌డిఎంఐ, అందరిళ్ళలో ఉండేది, ఇప్పుడు నా దగ్గరున్నది. "ఇది ఊరికే దూర్చుకుంటుంది, ఊరికే వదులవుతుంది." మూడోది డిస్‌ప్లేపోర్ట్, ఒక మూల చెక్కేసిన మూతి. దాని గురించి పెద్దగా చెప్పలేదు, పక్కకి నెట్టాడు. వైరే లేకుండా గాలిలోంచి బొమ్మ పంపేది కూడా ఉందట. గాలిలో దీపం నాకొద్దన్నాను.

చివరికి ముద్దుగా తీశాడు, యుఎస్‌బి-సి. "ఇదుగోనమ్మా, ఒక్క వైరు, దాని చివర అగ్గిపెట్టంత డబ్బా. ఈ బుల్లి డబ్బాకి తగిలిస్తే బొమ్మ, కెమెరా, హెడ్‌ఫోను, అన్నీ ఇందులోంచే. ఇంక చూసుకోనక్కర్లేదు." అన్నీ ఒక్కదాని మీద పెట్టడం మంచిదేనా అన్నాను. "ఈ రోజుల్లో అంతా ఇదేనమ్మా" అన్నాడు. కొనేశాను. మనిషి అంత ఆప్యాయంగా చెప్తుంటే ఎలా కాదంటాం. ఈ వారంలో నాతో అంతసేపు మాట్లాడింది ఆయనే.

జూలై 15, మంగళవారం

బుల్లి డబ్బా బాగా పనిచేస్తోంది. చెయ్యి పెడితే మాత్రం ఇస్త్రీపెట్టెలా కాలుతోంది.

జూలై 17, గురువారం

ఆగింది. ఒకసారి కాదు, వరసగా. నల్లబడటం, రావడం, మళ్ళీ నల్లబడటం, ఎవరో పని గట్టుకుని ఆర్పుతున్నట్టు.

నా అదృష్టం, అప్పుడు లైన్లో డాక్టరు లేడు. చెవి పరీక్షకి వచ్చిన ఆవిడ ఎదురుచూస్తూ తన కోడలి మీద చాడీలు చెప్తోంది. "ఎక్కడికి పోయావ్?" అంది. చాడీలు వినకుండా పారిపోయాననుకుంది పాపం. మేడమ్‌కి చెప్పలేదు. తప్పే. చెప్పలేదు.

జూలై 18, శుక్రవారం

కంప్యూటర్లాయన కాలునొప్పి డాక్టరులా ఓపిగ్గా అడిగాడు.

"ఎప్పుడు ఆగుతోంది?"

"సాయంత్రం పూట."

"రోజూనా?"

"రోజూ కాదండీ. అప్పుడప్పుడు. దాని ఇష్టం."

"అదే ప్లగ్గుల బోర్డు మీద ఇంకేమైనా ఉందా? ఫ్రిజ్, మోటారు లాంటివి? అవి ఆన్ అయినప్పుడు కరెంటు ఎగదన్నుతుంది. పల్చటి వైర్లయితే ఆ దెబ్బకి బొమ్మ పోతుంది."

"ఏమీ లేదండీ. ఈ గదిలో నేనొక్కదాన్నే."

నవ్వాడు. నేను జోకు వెయ్యలేదు.

మధ్యలో డబ్బాలేవీ పెట్టొద్దన్నాడు. కంప్యూటర్ వెనక డిస్‌ప్లేపోర్ట్ ఉంది, స్క్రీన్ వెనకా ఉంది, ఇక్కణ్ణించి అక్కడికి నేరుగా ఒక్కటే వైరు, పొట్టిది, మందంగా ఉన్నది పెట్టండి అన్నాడు. దాని మూతికి కొక్కెం ఉంటుందట, దూర్చగానే పట్టేసుకుంటుంది, నొక్కితే గానీ వదలదు.

జూలై 19, శనివారం

షాపాయన మొహం మాడ్చుకుని ఇచ్చాడు. ఇంటికొచ్చి పెట్టాను. టక్కుమంది. రెండో వైపు కూడా టక్కుమంది. లాగి చూశాను, కదల్లేదు. ఇంత చిన్న చప్పుడుకి ఇంత సంతోషం ఏమిటో నాకు.

జూలై 24, గురువారం

ఆగలేదు! పొద్దుటినుంచి సాయంత్రం దాకా రెప్ప కూడా వెయ్యలేదు. గుండె జబ్బు కేసు, మెడ మీద గడ్డ కేసు, భార్యాభర్తలిద్దరూ ఒకేసారి చేతులూపుతూ పోట్లాడుకున్న షుగరు కేసు, అన్నీ నున్నగా జరిగిపోయాయి. పని అయ్యాక స్క్రీను వెనక్కి వెళ్ళి ఆ వైరుని తట్టాను, గేదెని తట్టినట్టు.

ఎవరూ రాలేదు. ఎదురింటావిడ మాత్రం తలుపు తీసి ఏదో చెప్పబోయింది, చెత్తబుట్ట చేతిలో ఉందని తర్వాత మాట్లాడతానన్నాను.

జూలై 27, ఆదివారం

ఆపేసిన స్క్రీన్‌లో నా మొహం కనిపిస్తోంది. దానితో కాసేపు మాట్లాడాను, చేతులతోనే. ఏం తిన్నావ్ అంటే ఏమీ లేదంది.

ఇది రాసినందుకు సిగ్గుగా ఉంది గానీ కొట్టెయ్యను.

జూలై 31, గురువారం

మళ్ళీ ఆగలేదు. మేడమ్ ఫోన్ చేసి, "ఇంక టైపింగ్ మాట ఎత్తను, మీరు వీడియోలోనే ఉండండి. ఏ వైరు వాడారో మిగతావాళ్ళకి కూడా చెప్పండి" అంది. నేరుగా పెట్టండి, మధ్యలో డబ్బాలొద్దు, కొక్కెం ఉన్నది చూసుకోండి, హెచ్‌డిఎంఐ అయితే పొట్టిది వాడండి, యుఎస్‌బి-సి అయితే బుల్లి డబ్బాని నమ్మకండి అని పెద్ద మేధావిలా చెప్పాను. మొత్తానికి గెలిచాను.

గెలిచి ఎవరికి చెప్పాలో తెలియక వంటింట్లో అటూ ఇటూ తిరిగాను. ఎవరూ రాలేదు కదా అని అన్నం కుక్కర్ పెట్టలేదు, అటుకులు తిన్నాను.

ఆగస్టు 6, బుధవారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న మెట్ల దగ్గర ఎదురింటావిడ ఆపింది. "ఏమ్మా, మీ మూగావిడ ఈమధ్య రావడం మానేసిందే?" అంది.

ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది. ఏ మూగావిడండీ అన్నాను, మూగ అనకండి అన్నాను.

"అదేలేవమ్మా, చెంప మీద ఇంత మచ్చ ఉంటుందే, ఆవిడ. గురువారం గురువారం వచ్చి మీ తలుపు ముందు నిలబడేది కదా. బటన్ నొక్కడం, ఆ కిటికీ వంక చూడటం, మళ్ళీ నొక్కడం. ఒకరోజు తలుపు కూడా బాదింది. నువ్వే చెప్పావుగా ఎవరొచ్చినా లేనని చెప్పమని. లేదని చెయ్యూపాను. అయినా కదిలేది కాదు, ఆ గోడ వారగా కూచునేది. మొన్నామధ్య నీతో చెప్పబోతే చెత్తబుట్ట అన్నావు. ఆ రోజే ఆఖరు, మళ్ళీ రాలేదు."



గురువారం. పిన్ని పనిచేసే లాండ్రీకి గురువారం సెలవు. అది నాకు చిన్నప్పటినుంచి తెలుసు. నాకే తెలుసు.

లోపలికి వెళ్ళి ప్లగ్గుల బోర్డు వెనక చూశాను. అమ్మ మంచం వెనక గోడకి, నాన్న బిగించిన బెల్లు తాలూకు ఇనప డబ్బా. దాని వైరు వచ్చి కంప్యూటరు పెట్టిన బోర్డులోనే చచ్చింది. నేను బల్బు విప్పాను గానీ డబ్బాని తియ్యలేదు, బటన్ నొక్కినప్పుడల్లా దానికి కరెంటు వెళ్తూనే ఉంది. మంచం అడ్డం ఉంటే అసలు గుర్తే లేదు.

ఎదురింటావిడని బతిమాలి బయట నిలబెట్టాను. నొక్కండి అన్నాను. నొక్కింది. స్క్రీను చెక్కు చెదరలేదు. కొత్త వైరు, బ్రహ్మాండంగా ఉంది. దాన్ని ఊడదీసి, అటక మీద పడేసిన మొదటి వైరు తెచ్చి పెట్టాను. ఇప్పుడు నొక్కండి అని అరిచాను.

నల్లబడింది.

మళ్ళీ నొక్కండి. మళ్ళీ నల్లబడింది. "ఇంకా నొక్కనా?" అని ఆవిడ అడుగుతూనే ఉంది. ఆ నల్లబడిన సాయంత్రాలన్నీ పిన్ని గుమ్మంలో ఉంది. వరసగా ఆగిపోయిన రోజున వరసగా నొక్కింది. నేనేమో లోపల కూచుని వైరుని తిట్టాను. ఇంకా మంచి వైరు కొని, ఆవిడ నొక్కినా నాకు తెలియకుండా చేసుకున్నాను. పైగా ఈ పుస్తకంలో ఎవరూ రాలేదని రాసుకున్నాను, పెద్ద దిక్కులేనిదానిలా.

ఆగస్టు 7, గురువారం

బల్బు పెట్టాను. మొహం ఎర్రగా పడితే పడనీ. పని చేస్తూ ఒక కన్ను దాని మీదే ఉంచాను.

వెలగలేదు.

ఆగస్టు 9, శనివారం

లాండ్రీకి వెళ్ళాను. ఆస్పత్రి దుప్పట్లు, తలగడ గలీబులు కొండలా పడున్నాయి. ఆ యంత్రాల రొదకి నా తల పగిలిపోయింది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళలో సగం మందికి వినపడదు, హాయిగా దుప్పటి అంచులు నోట కరుచుకుని, ఖాళీ అయిన చేతులతో కబుర్లు చెప్పుకుంటున్నారు. నన్ను చూసి చేతులు ఆపేశారు. ఒకావిడ వెనక గదుల వైపు చూపించింది. పనికి రావడం లేదు, కన్ను, అంది.

పిన్ని గది తలుపు తీసే ఉంది. మంచం మీద గోడకి ఆనుకుని కూచుంది. కుడి కంటి మీద ప్లాస్టిక్ మూత, చుట్టూ ప్లాస్టరు. చిక్కిపోయింది. నేను గుమ్మంలో నిలబడి కాలితో నేల మీద రెండుసార్లు తట్టాను. ఆ అదురుకి తల తిప్పింది. నన్ను చూసింది.

చూసి, ఉన్న ఆ ఒక్క కన్నూ మూసేసుకుంది.

వినపడేవాళ్ళకి ఇది తెలియదు. మనకి కోపం వస్తే అవతలివాళ్ళు అరుస్తారు, మనం అరుస్తాం, చెవులు మూసుకున్నా ఎంతోకొంత పడుతుంది. వీళ్ళు కళ్ళు మూసుకుంటే అయిపోయింది. ఇంక ఏం చెప్పినా గోడకి చెప్పినట్టే. అమ్మ నాన్న మీద అలిగితే ఇలాగే మూసుకునేది, నాన్న పిచ్చివాడిలా మంచం చుట్టూ తిరిగేవాడు.

నేను తిరగలేదు. వెళ్ళి మంచం పట్టె మీద ఎదురుగా కూచున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అది కూడా ఆవిడకి వినపడదు. పరుపు కదిలినందుకు తెలిసిందో ఏమో, కాసేపటికి కన్ను సగం తెరిచింది.

"ఇంకా ఉన్నావా?"

"ఉన్నాను."

"లైటు తీసేశావు."

"కెమెరాలో ఎర్రగా పడుతోందని పిన్నీ, నువ్వొస్తావని..."

"లైటు తీసేశావు. కిటికీలోంచి చూసేదాన్ని. బటన్ నొక్కితే ఎర్రగా రావాలి. రాలేదు. మీ అమ్మ పోయింది, ఈ పిల్లకి ఇంక మాతో పనేముంది, మాటలొచ్చిన పిల్ల కదా అనుకున్నా. అయినా సిగ్గులేక మళ్ళీ వచ్చా. మీ అమ్మ ఫోన్ కూడా కట్టేశావు. నీ నంబరు నాకెక్కడిది? ఉన్నా ఈ కళ్ళకి కనిపిస్తుందా?"

 

రెండు కళ్ళలోనూ శుక్లాలట. ఆపరేషన్‌కి పక్కన ఉండమని అడగడానికి వచ్చింది ప్రతి గురువారమూ. చివరికి ఒక్కతే వెళ్ళింది. ఆస్పత్రి వాళ్ళు మర్యాదగానే చూశారట, ఒక స్క్రీను తెచ్చి మంచం పక్కన పెట్టారట.

"అందులో ఎవరో అమ్మాయి. నీలాగే నల్లచొక్కా, చేతులు బాగా కనపడాలని. మంచిదే, చక్కగా చెప్పింది. తర్వాత నా మొహం మీద గుడ్డ కప్పేశారు. ఇంక స్క్రీన్ ఎవరికి? డాక్టరు కదలొద్దన్నాడట. నాకేం తెలుసు? నాకు దగ్గొస్తుందనిపించి తల తిప్పా. అందరూ కేకలేశారట. తర్వాత చెప్పారు." ప్లాస్టిక్ మూతని వేలితో తాకింది. "లోపల గీరుకుంది. మానుతుందన్నారు. మానుతుందిలే. కానీ ఆ గుడ్డ కింద ఉన్నంతసేపూ నేను బతికున్నానో చచ్చానో నాకు తెలీలేదే."

నేను ఆ చేతులు రెండూ పట్టుకున్నాను. పట్టుకుంటే ఆవిడ మాట్లాడలేదని తెలుసు. అయినా వదల్లేదు.

కాసేపయ్యాక లాక్కుని, "రెండో కన్ను ఇరవై ఒకటిన. గురువారం. నీకు డ్యూటీ ఉంటుంది" అంది.

"ఉంటే ఉంటుంది."

ఆగస్టు 11, సోమవారం

మేడమ్‌కి ఫోన్ చేసి ఇరవై ఒకటిన సెలవు కావాలన్నాను.

"అయ్యో, స్క్రీను మళ్ళీ ఆగుతోందా?"

"లేదండీ. స్క్రీను బాగానే ఉంది. నేనుండను."

జూలై పదిహేడున ఆగిన సంగతి కూడా చెప్పేశాను. పేషెంటు ముఖం మీద గుడ్డ కప్పాక మా స్క్రీన్లు దండగ అన్న సంగతి కూడా చెప్పాను, ఆగకుండా చెప్పాను.  "టైపింగ్ గురించి తర్వాత చూద్దాం, ముందు వెళ్ళి రండి" అంది మేడమ్. చూస్తే చూడనీ.

ఆగస్టు 17, ఆదివారం

పిన్ని ఇంటికి వచ్చింది. లైటు వెలిగింది. పరిగెత్తాను.

చేతిలో చెప్పుకునే గుర్తులు ఖాయం చేసుకున్నాం. అరచేతిలో గట్టిగా నొక్కితే కదలొద్దు. గీత గీస్తే అంతా బాగుంది. సున్నా చుడితే ఇంకాసేపు. దగ్గొస్తే ఆవిడ నా చిటికెన వేలు లాగాలి. పిన్ని నాలుగింటినీ నాలుగుసార్లు పరీక్ష పెట్టింది. రెండుసార్లు నేనే తప్పాను. "నువ్వు జీతం తీసుకుంటున్నావా దీనికి?" అంది.

ఆగస్టు 21, గురువారం

లోపలికి రానివ్వం అన్నారు మొదట. ఫైలు తిరగేసి, పోయినసారి జరిగింది చదివి, డాక్టరు గారే గౌను, టోపీ ఇప్పించారు. స్టూలు మీద కూచోబెట్టి, నోరు తప్ప ఏమీ కదపొద్దు అన్నారు. నాకు నోటితో పనేమీ లేదండీ అన్నాను.

పిన్ని మొహం మీద పచ్చగుడ్డ కప్పారు. ఒక్క కంటి మేర మాత్రం కన్నం, దాని మీద లైటు. గుడ్డ కింది నుంచి చెయ్యి చాపింది. ఐసుముక్కలా ఉంది. నా చేతిలో పెట్టగానే ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఉంగరం లేదు గానీ ఉంటే వంకరపోయేది.

 ఇక్కడ అతుకు వెయ్యడానికి లేదు. డాక్టరు "కదలొద్దని చెప్పండి" అన్నాడు. నొక్కాను. చెయ్యి రాయిలా అయిపోయింది. "బాగుంది" అన్నాడు. గీత గీశాను. కొంచెం వదులైంది. "ఇంకాసేపు." సున్నా. మధ్యలో చిటికెన వేలు లాగింది, దగ్గండీ అని అరిచాను, అందరూ చేతులు తీసేశారు, గుడ్డ కింద దగ్గుకుంది, మళ్ళీ మొదలుపెట్టారు. డాక్టరు నా వంక చూడకుండానే థాంక్సన్నాడు.

చివరికి వచ్చేసింది అన్నారు. గీత గీశాను, ఒకటికి రెండు. అప్పుడు పిన్ని చెయ్యి మాట్లాడటం మొదలుపెట్టింది. మేము ఖాయం చేసుకున్న గుర్తుల్లో లేనిదేదో. బొటనవేలితో నా వేళ్ళ చివర్లు ఒక్కొక్కటే తడిమింది. తర్వాత రెండు వేళ్ళు కత్తెరలా చేసి, నా గోటి మీద ఆడించింది. నాకు అర్థం కాలేదనుకుని మళ్ళీ ఆడించింది, ఈసారి విసుగ్గా.

నా భుజాలు కదిలిపోతుంటే డాక్టరు చెయ్యి ఆపి, "ఏమైందమ్మా? నొప్పంటోందా?" అన్నాడు.

"లేదండీ," అన్నాను, మాస్కంతా తడిసిపోయింది. "నా గోళ్ళు పెరిగాయట. కత్తిరించుకోమంటోంది."